చొక్కా కొలత, ఒంటి కొలత

ఆ రోజుల్లో బెజవాడలో వ్యాయామం అనే మాట పాఠ్యపుస్తకాల్లో ఉండేది గానీ మనుషుల నోట వినపడేది కాదు. పని ఉన్నవాడికి ఆ పనే ఒళ్ళు వంచేది. పని లేనివాడు, ఇంక ఒళ్ళు వంచడం ఎందుకు అనుకునేవాడు. పొద్దున్నే ఏ కారణమూ లేకుండా ఎవరైనా బందరు కాలువ గట్టు మీద గబగబా నడిచి వెళుతుంటే నలుగురు ఆపి, "ఏమండీ, ఇంట్లో అందరూ కులాసాయేనా? డాక్టరు గారి కోసమా?" అని కంగారుగా అడిగేవారు. పరుగెత్తితే ఇక చెప్పనే అక్కర్లేదు, దొంగ అనుకుని వెనకాల ఇంకో పదిమంది పరుగెత్తేవారు (ఆ విధంగా వాళ్ళకీ కాస్త వ్యాయామం అయ్యేది, అది వేరే సంగతి). ఇవాళ మా వీధిలోనే మూడు జిమ్ములున్నాయి. మా మనవడు వాటిల్లో ఒకదానికి వెళ్ళొచ్చి, అద్దం ముందు నిలబడి తన కండలు తనే చూసుకుని మురిసిపోతుంటాడు. "మీ టైములో ఫిట్‌నెస్ ఎలా మెయిన్‌టెయిన్ చేసేవాళ్ళు తాతయ్యా?" అని మొన్నొకసారి అడిగాడు. ఏదో చెప్పి దాటేశాను. మీకైతే చెబుతాను. మీరు నవ్వి ఊరుకుంటారు, వాడు ఫోన్లో ఎక్కిస్తాడు.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. అత్తెసరు మార్కులతో బి.ఏ. గట్టెక్కి, గవర్నరుపేటలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తాగా కూర్చుని వేబిల్లులు రాసేవాణ్ణి. చూడ్డానికి ఎలా ఉండేవాణ్ణంటే, మా ఆఫీసులో ఫ్యాను వేసినప్పుడల్లా మేనేజరు గారు కాయితాల మీద పేపర్‌వెయిట్లు పెట్టించి, తరవాత నా వంక చూసి, "నువ్వు కూడా ఒకటి జేబులో వేసుకోరాదటయ్యా" అనేవారు. ఇలాంటి నేను పోలీసు సబ్ఇన్‌స్పెక్టరు పరీక్ష రాశాను. రాయడమే కాదు, రాతపరీక్ష పాసయ్యాను. (ఎలా పాసయ్యానని అడక్కండి, ఆ రోజు పక్కనెవరూ లేరు, నిజంగా నేనే రాశాను.) ఫలానా రోజున శారీరక కొలతలకు హాజరు కావలెనని కార్డు వచ్చింది. పరుగూ, దూకడమూ ఉంటాయట. ఛాతీ ముప్పై రెండు అంగుళాలుండాలట, గాలి పీల్చినప్పుడు ముప్పై నాలుగు కావాలట. గడువు ఆరు వారాలు. ఆ పై ఏడాదికి నాకు వయసు దాటిపోతుంది కాబట్టి, అయితే ఇప్పుడే ఎస్సైని కావాలి, కాకపోతే జన్మంతా వేబిల్లులు రాసుకుంటూ పేపర్‌వెయిట్ల మీద జోకులు వింటూ బతకాలి.

మాది కూచిపూడికి రెండు మైళ్ళ అవతల పల్లె. అక్కడి గాలి పీలిస్తే కాళ్ళు ఆడతాయి గానీ ఛాతీ పెరగదని ఓ మాట ఉంది (ఆ మాట పుట్టించింది నేనే లెండి, ఈ సంగతి జరిగాకే). మా నాన్నగారు అక్కడ బళ్ళో మాస్టారు. మనిషి మితభాషి, కానీ ఆ కార్డు సంగతి ఉత్తరంలో తెలియగానే ఆ మితం కాస్తా గట్టు తెంచుకుంది. ఊళ్ళో అందరితోనూ, పొరుగూరి మునసబు గారితోనూ, చివరికి బస్సు కండక్టరుతోనూ కూడా "మావాడు ఎస్సై అవుతున్నాడండీ" అని చెప్పేశారు. అవుతాడేమో అనలేదు. అవుతున్నాడు అన్నారు. ఆ సంగతి ఆయన రాసిన జవాబులో చదివి, నేను ఒక దారం ముక్క తీసుకుని ఛాతీ చుట్టూ తిప్పి, ఆ దారాన్ని ఆఫీసు స్కేలు మీద పరిచి చూశాను. ముప్పై. నమ్మకం కుదరక మళ్ళీ కొలిచాను. ఇరవై తొమ్మిదీ ముప్పాతిక. మూడోసారి కొలవలేదు, ఇంకా తగ్గేలా ఉందని.

ఇక రంగంలోకి దిగాను. బస్టాండు దగ్గర ఫుట్‌పాత్ మీద దేహదారుఢ్యం గురించిన పాత పుస్తకం ఒకటి కొన్నాను. దానికి అట్ట లేదు, మొదటి ముప్పై పేజీలూ లేవు. ఆ ముప్పై పేజీల్లోనే ఛాతీ ఉందని నాకు తరవాత తెలిసింది. నా చేతికొచ్చిన పుస్తకం తిన్నగా తొడల దగ్గర మొదలైంది. "రోజుకు వంద బస్కీలు తీయవలెను" అని ఉంది. నేను సత్యనారాయణపురంలో ఒక డాబా మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. తెల్లవారుజామున ఆ డాబా మీద నిలబడి, పుస్తకంలో బొమ్మలో ఉన్నట్టు చేతులు ముందుకు చాపి కూర్చోబోయాను. వెనక్కి వెల్లకిలా పడ్డాను. మళ్ళీ కూర్చోబోయాను, మళ్ళీ పడ్డాను. ఇదేమిట్రా, చిన్నప్పుడు బళ్ళో వందలకొద్దీ కూర్చుని లేచినవాణ్ణే కదా అని ఆలోచిస్తే అప్పుడు వెలిగింది. చెవులు పట్టుకోకుండా కూర్చుని లేవడం నాకు అలవాటు లేదు! మా లెక్కల మాస్టారి పుణ్యమా అని నా ఒంటికి తెలిసిన విద్య ఒక్కటే, గుంజీలు. కుడిచేత్తో ఎడమ చెవీ, ఎడమచేత్తో కుడి చెవీ పట్టుకున్నాను. అంతే, మిషనులాగా దిగుతున్నాను, లేస్తున్నాను. ఒక్కసారి కూడా తూలలేదు.

మూడోరోజు తూర్పు తిరిగి యాభై రెండో గుంజీలో ఉండగా కిందనుంచి, "నాయనా!" అని ఓ పిలుపు వినపడింది. చూస్తే ఇంటిగలావిడ. వీధంతా ఆవిణ్ణి మామ్మగారనేది. పెరట్లో నిలబడి, చేతులు జోడించి నావైపు చూస్తోంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు.

"ఏం మొక్కు నాయనా?" అంది.

వ్యాయామం అని చెప్పొచ్చు. కానీ ఛాతీ పెంచుకుంటున్నానని చెప్పడానికి సిగ్గేసింది. నాలాంటివాడు ఆ మాటంటే ఎవరైనా ముందు నా ఛాతీ వంక చూస్తారు కదా. "ఉద్యోగం కోసం మామ్మగారూ" అన్నాను. ఆ మాటలో అబద్ధం లేదు కూడా.

"నా తండ్రే! ఈ కాలం కుర్రాళ్ళలో వినాయకుడి మీద ఇంత భక్తి ఎవరికుంది? అయితే యాభైతో ఆపకు. నూట ఎనిమిది తియ్యి. నేను లెక్కపెడతా" అని అక్కడే పీట వాల్చుకుని కూర్చుంది.

అప్పటినుంచి నా వ్యాయామానికి ఒక అధికారి ఏర్పడింది. నేను డాబా మీద, ఆవిడ కింద. "అరవై రెండు... అరవై మూడు... ఆగు, అది సగమే దిగావు, అది లెక్కలోకి రాదు. మళ్ళీ అరవై మూడు." ఇవాళ జిమ్ముల్లో పక్కన నిలబడి లెక్కపెట్టే వాళ్ళని ట్రైనర్లంటున్నారు. మా మామ్మగారి ముందు వాళ్ళెందుకూ పనికిరారు. నూట ఎనిమిదీ అయ్యాక మెట్లెక్కి వచ్చి, నాలుగు ఉండ్రాళ్ళో, ఇంత వడపప్పో నా చేతిలో పెట్టేది. ఛాతీ కోసం మాత్రం నేను రహస్యంగా వేరే ప్రయత్నాలు చేశాను. ఆవిడ రుబ్బురోట్లో పొత్రం ఒకటి ఉండేది. దాన్ని చాటుగా డాబా మీదికి మోసుకుపోయి రెండు రోజులు పైకెత్తి దించాను. మూడోరోజు గారెలకి పప్పు నానబోసుకున్న మామ్మగారు రోలు దగ్గర కూలబడి, "రోలు వదిలేసి పొత్రం ఎత్తుకుపోయే దొంగ ఎవడమ్మా!" అని వీధిని పిలిచేసరికి ఆ ప్రయత్నం మానుకున్నాను. ఆ తరవాత ఆఫీసులో కుర్చీలో కూర్చుని ఊపిరి బిగబట్టడం మొదలుపెట్టాను. నా మొహం ఎర్రగా, కళ్ళు బయటికి వచ్చి ఉండటం చూసి మేనేజరు గారు పరుగెత్తుకొచ్చి మంచినీళ్ళు పట్టించి, ఆ పూటకి ఇంటికి పంపేశారు. (నా గుండె బలహీనమని ఆయన చివరిదాకా నమ్మారు. ఆ నమ్మకంతో నాకు బరువైన ఫైళ్ళు ఎప్పుడూ ఇవ్వలేదు.)

ఇంతలో మామ్మగారు ఊరుకోలేదు. నా భక్తిని వీధి వీధంతా చాటింది. ఓరోజు పక్కింటి పిన్నిగారు మెట్లెక్కి వచ్చి, "బాబూ, మావాడికి ఇంటర్ పరీక్షలు. వాడేమో వెధవ, తెల్లారి లేవడు. నువ్వెటూ తీస్తూనే ఉన్నావు గదా, వాడి పేరు చెప్పుకుని ఓ ఇరవై ఒకటి తీసి పెట్టవూ?" అంది. ఇరవై ఒకటే కదా అని ఒప్పుకున్నాను. అదే నేను చేసిన తప్పు. మర్నాడు ఎదురింటాయన వచ్చాడు. ఆయన గేదె చూడితో ఉంది, సుఖంగా ఈనాలట, ఓ పదకొండు. ఆ గేదె వారం తిరక్కుండా పెయ్యదూడని ఈనింది. ఆయన గిన్నెడు జున్ను పట్టుకొచ్చి, "బాబూ, మీ గుంజీల మహిమండీ" అని దండం పెట్టాడు. ఇంకేముంది! బదిలీ కావాలన్నవాళ్ళు, బదిలీ వద్దన్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పులు తగ్గాలన్న ఒక ముసలాయన (ఆయన కోసం తీసిన ఇరవై ఒకటి నా మోకాళ్ళకే తగిలాయి) అందరూ వచ్చి పేర్లు రాయించుకున్నారు. నోరు తెరిచి కాదనడం నాకు చేతకాదు. రోజుకు రెండొందలు దాటాయి. తొడలు కర్రల్లా బిగుసుకుపోయాయి, మోకాళ్ళు రాత్రంతా సలిపేవి, ఆఫీసు మెట్లు దిగడానికి గోడ పట్టుకునేవాణ్ణి. ఒళ్ళు పాపం దాని భాషలో అది మొత్తుకుంటూనే ఉంది. "నోర్ముయ్, ఎస్సై కావాలి" అని దాన్ని గద్దించేవాణ్ణి.

మూడువారాలు గడిచాక ఒక ఆదివారం మా నాన్నగారు బందరు బస్సులో దిగారు. చంకలో కాయితం పొట్లం. విప్పితే ఖాకీ గుడ్డ! "ముందు బట్ట కుట్టించి పెట్టుకుంటే ఉద్యోగం దానంతటదే వెతుక్కుంటూ వస్తుందిరా" అన్నారు. కాదనలేక, మా ఆఫీసు సందులో మెట్ల కింద చిన్న గదిలో మిషను పెట్టుకుని కుట్టే దర్జీ సాయిబు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. నెరిసిన గడ్డం, చెవి మీద పెన్సిలు, మెడలో టేపు. మెత్తటి మనిషి. నిలబెట్టి కొలతలు తీస్తూ, పాటలాగా పైకి చదువుతూ, ఓ చీటీ మీద తనే రాసుకునేవారు. "మెడ... పద్నాలుగు. భుజం... పదహారు. చెయ్యి... ఇరవై మూడు." ఛాతీ దగ్గరికి వచ్చేసరికి నేను గాలి పీల్చి బిగబట్టాను.

"ఊపిరి వదిలెయ్యండి బాబూ" అన్నారాయన నవ్వుతూ. "మీరు బిగబట్టినప్పటికి కాదండీ చొక్కా. అన్నం తిన్నప్పటికి, నవ్వినప్పటికి, నిద్దరపోయినప్పటికి. ఒంటిని ఇరికించి కుట్టకూడదు, పాపం దానికి చోటుండాలి." టేపు ఒకసారి లాగి, "ఛాతీ... ముప్పై మూడు" అన్నారు.

ముప్పై మూడు! మూడు వారాల్లో మూడంగుళాలు! నేను ఊపిరి వదిలినప్పుడే ముప్పై మూడు! నా చెవులు నేనే నమ్మలేదు. ఆయన చెప్పిన మిగతా మాటలు ఒక్కటీ నా బుర్రకెక్కలేదు. మా నాన్నగారి మొహం వంక చూశాను. ఆయన నా దగ్గరికి వచ్చి అరచెయ్యి నా ఛాతీ మీద పెట్టి, కాసేపు అలాగే ఉంచారు. అలాంటివి ఆయనకి అలవాటు లేదు. తరవాత, "పద, పెసరట్టు తిందాం" అన్నారు.

ఆ సంతోషం మీకెలా చెప్పను! అయినా ప్రాణం ఊరుకోక మరో వారానికి మళ్ళీ సాయిబు గారి దగ్గరికి వెళ్ళాను. "ఇంకోసారి ఛాతీ చూడండి, నేను గాలి పీలుస్తాను" అన్నాను. "ఎందుకు బాబూ? అసలు మీరు కాళ్ళెందుకు ఈడుస్తున్నారు?" అన్నారాయన. "చూడండి ముందు" అన్నాను. చూశారు. "ముప్పై ఐదు వస్తుందండీ, కానీ మరీ వదులైపోతుంది..." అన్నారు. నాకు వినపడింది ముప్పై ఐదు ఒక్కటే. గవర్నమెంటుకి కావలసింది ముప్పై నాలుగు, నా దగ్గర ఒక అంగుళం మిగులు! దారంతో మరోసారి కొలుచుకుంటే పోయేది కదా అని మీరనొచ్చు. నాకూ ఇప్పుడు అనిపిస్తుంది. కానీ ఇన్నేళ్ళు వందలమందిని కొలిచిన టేపు ముందు ఒక పోగు దారం ఏపాటిది? ఇక ఛాతీ బెంగ వదిలేశాను. మిగిలిన పదిహేను రోజులూ ఊపిరి బిగబట్టడం కూడా మానేసి, వీధి తరఫున గుంజీలు మాత్రం తీస్తూ కూర్చున్నాను. నేను వెళ్ళబోయే ముందు మామ్మగారు నుదుట కుంకుమ పెట్టి, "ఇన్ని వేల గుంజీలు ఎక్కడికి పోతాయి నాయనా, ఉద్యోగం నీదే" అంది.

కొలతల రోజున గ్రౌండులో రెండొందల మంది దాకా ఉన్నాం. ముందు పరుగు. నేను నమ్మలేకపోయాను, నా కాళ్ళు నన్ను ఎత్తుకుపోయాయి. మా జట్టులో రెండోవాణ్ణి వచ్చాను. దూకడంలోనూ గీత దాటాను. కళ్ళెం లేని గుర్రంలా ఊగిపోతున్న నన్ను చూసి ఒక హెడ్డు కానిస్టేబులు గారు, "కాళ్ళు బాగున్నాయే. ఏ ఊరయ్యా మీది?" అన్నారు. "కూచిపూడి దగ్గరండీ" అన్నాను. "ఓహో, అదన్నమాట" అని తలాడించారు. ఆ తరవాత చొక్కాలు విప్పించి వరసలో నిలబెట్టారు. నా వంతు వచ్చింది. అదే హెడ్డుగారు టేపు చుట్టారు. చల్లటి టేపు. బిగించారు.

"ముప్పై" అన్నారు.

నేను నవ్వాను. పొరపాటున అన్నారనుకున్నాను. "గాలి పీల్చు" అన్నారు. ఉన్న గాలంతా పీల్చాను. గ్రౌండులో గాలి ఇంక ఎవరికీ మిగల్లేదేమో. "ముప్పై ఒకటిన్నర. తప్పుకో" అన్నారు.

"కాదండీ!" అన్నాను, గొంతు కీచుగా వచ్చింది. "ముప్పై మూడండీ. గాలి పీలిస్తే ముప్పై ఐదు. మా టైలరు గారు కొలిచారండీ."

"ఎవరూ?"

"మా టైలరు గారండీ."

హెడ్డుగారు ఒక్క క్షణం నా మొహంలోకి చూశారు. తరవాత ఆయన పొట్ట కదలడం మొదలైంది. "ఓరినీ! టైలరా? చొక్కా మీద కొలిచి, లూజు కలిపి చెప్పుంటాడయ్యా! చొక్కాకి మూడంగుళాలు వదులు పెట్టకపోతే చంకలు చిరిగిపోవూ?" నా వెనక వరసలో ఉన్న పాతికమందీ భళ్ళున నవ్వారు. బల్ల దగ్గర గంభీరంగా కూర్చున్న ఆఫీసరు గారు కూడా కలం కిందపెట్టి నవ్వారు. "ఛాతీ మాత్రం టైలరుకి చూపించి, కాళ్ళు మాకు పట్టుకొచ్చావా?" అన్నారెవరో. ఆఫీసరు గారు మంచాయన. నా కళ్ళల్లో నీళ్ళు తిరగడం చూసి, "మళ్ళీ కొలవండి" అన్నారు. కొలిచారు. అదే ముప్పై, అదే ముప్పై ఒకటిన్నర. "బాబూ, నీ ఆరోగ్యానికేం ఢోకా లేదు. పరుగెత్తి వచ్చి కూడా ఆయాసపడ్డం లేదు, మంచి ఊపిరి నీది. మా కొలతకి చాలదు, అంతే" అన్నారు. ఆ మాటలో దయ ఉందని ఇవాళ తెలుస్తోంది. ఆ రోజు మాత్రం అంతకంటే చెంపదెబ్బ నయమనిపించింది.

గేటు బయట గోలీసోడా బండి పక్కన మా నాన్నగారు నిలబడి ఉన్నారు. పొద్దున బస్సుకే వచ్చేశారట, నాకు చెప్పలేదు. నేను బుగ్గలు తుడుచుకుంటూ, కాళ్ళీడ్చుకుంటూ వస్తుంటే చూసి ఆయనకి అర్థమైపోయింది. "ఎంత తక్కువ?" అన్నారు.

"రెండంగుళాలు" అన్నాను. "పీల్చినా రెండున్నర తక్కువే నాన్నగారూ. టైలరు గారు లూజు కలిపి చెప్పారు. నేను మిమ్మల్ని ఊళ్ళో తలెత్తుకోకుండా చేశాను."

ఆయన సోడా కొట్టించి నా చేతికిచ్చారు. నేను తాగేదాకా ఆగి, రోడ్డు వంక చూస్తూ అన్నారు. "నాది ఇరవై తొమ్మిదిన్నర."

"ఏమిటండీ?"

"యుద్ధం రోజుల్లో మిలిటరీలో చేర్చుకుంటున్నారంటే నేనూ వచ్చాను, ఇదే బెజవాడకి. ఇరవై ఏళ్ళవాణ్ణి. చొక్కా విప్పించి కొలిచి ఇరవై తొమ్మిదిన్నర అన్నారు. పొమ్మన్నారు. మీ తాతదీ అంతే ఉండేదేమో, ఆయన్ని ఎవరూ కొలవలేదు కాబట్టి బతికిపోయాడు. మన వంశంలో ముప్పై రెండు లేదురా. నాకు తెలిసీ నిన్ను పంపాను. నీకు వస్తే నాకు వచ్చినట్టే అనుకున్నాను." ఆయన అంత పొడుగు మాట నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నాకు ఒక్కసారిగా ఏడుపు పోయింది. నా ఎదురుగా నా ఒళ్ళే పాతికేళ్ళు పెద్దదై, జుబ్బా తొడుక్కుని నిలబడి ఉన్నట్టు కనిపించింది. సన్నటి భుజాలు, లోపలికి పోయిన ఛాతీ. ఆ ఛాతీతోనే ఆయన రోజూ మూడు క్లాసులకి వినపడేలా పాఠం చెప్పేవారు.

"మరి ఊళ్ళో ఏం చెబుదామండీ?" అన్నాను.

"ఏముంది? మీ అమ్మ ఏడ్చిందని మానేశావని చెబుదాం. అప్పుడు నేను మా అమ్మ ఏడ్చిందని చెప్పాను. ముప్పై ఏళ్ళయింది, ఇంతవరకూ ఒక్కడూ కాదనలేదు" అన్నారు నాన్నగారు. అని, నవ్వారు. నేనూ నవ్వాను. సోడా ముక్కులోకి పోయింది.

దారిలో సాయిబు గారికి చెప్పిపోదామని ఆగితే ఆ మహానుభావుడు నుదురు కొట్టుకున్నారు. "అయ్యో బాబూ, నేను చెప్పింది చొక్కా కొలతండీ, ఒంటి కొలత కాదు! మీరొక్క మాట అడిగుంటే టేపు బిగించి చెప్పేవాణ్ణి గదా! పాపం నాదేనండీ" అని మా ఇద్దరికీ టీ తెప్పించి, మేము తాగుతున్నంతసేపూ తల అడ్డంగా ఆడిస్తూనే ఉన్నారు. ఇంకా కత్తెర పెట్టని ఖాకీ గుడ్డని మా నాన్నగారి బడి పిల్లలకి నిక్కర్లుగా కుట్టి పంపారు. అవి కూడా బాగా వదులుగానే కుట్టారు.

ఆ సాయంత్రం ఇంటికి చేరేసరికి మా అమ్మకి సంగతి తెలియనే తెలిసింది, బస్సు దిగిన దగ్గర్నుంచి ఇంటిదాకా నాన్నగారు దారిలో కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటూ వచ్చారు మరి. అమ్మ గుమ్మంలోనే మమ్మల్ని నిలేసింది. "నేనెప్పుడు ఏడ్చానండీ? నా కొడుకు ఎస్సై అవుతాడంటే నేనెందుకు ఏడుస్తాను? ఊరంతా నన్ను చూసి నవ్వుతుంటే మీకు బాగుందా?" అని నాన్నగారి మీద విరుచుకుపడింది. ఆయన మెల్లిగా వరండాలోకి జారుకున్నారు. నేను చెప్పులు విప్పి లోపలికి వస్తూ గడప దాటలేక ద్వారబంధం పట్టుకున్నాను. అమ్మ చూసింది. పంచె పైకెత్తి చూసింది. నా మోకాళ్ళు రెండూ బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. "ఇదేమిట్రా?" అంది. గుంజీల కథంతా చెప్పాను. పక్కింటి కుర్రాడి పరీక్షలు, గేదె, ముసలాయన మోకాళ్ళు, అన్నీ. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆముదం వెచ్చబెట్టి తెచ్చి, నేల మీద కూర్చుని నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుంది. "ఈ కాళ్ళేం పాపం చేశాయిరా! వీటికి నడక నేర్పడానికి నేనెంత కష్టపడ్డానో తెలుసా నీకు? పద్దెనిమిది నెలలదాకా నడవలేదు నువ్వు. ఊరందరి కోసం వీటిని ఇలా విరగ్గొట్టుకుంటావా?" అంటూ రాస్తోంది, రాస్తూ రాస్తూ ఏడ్చేసింది. వెక్కి వెక్కి ఏడ్చింది.

వరండాలోంచి మా నాన్నగారి గొంతు వినపడింది. "చూశావుటే? నేనేం అబద్ధం చెప్పలేదు."

తరవాత నాకు వేరే ఉద్యోగం వచ్చింది, టేపుతో పని లేనిది. పిల్లలూ, మనవలూ, డెబ్బై దాటిన వయసూ వచ్చాయి. మా అమ్మ చేతి ఆముదం మహిమో ఏమో, ఆ మోకాళ్ళే ఇవాళ్టికీ రోజూ పొద్దున్నే నన్ను నెమ్మదిగా ఓ మైలు దూరం తీసుకెళ్ళి, క్షేమంగా ఇంటికి తీసుకొస్తున్నాయి. నొప్పి అంటే ఆగుతాను, ఆయాసమంటే కూర్చుంటాను, వాటికీ నాకూ ఇప్పుడు తగాదాల్లేవు. ఎప్పుడైనా అలా కూర్చున్నప్పుడు ఆ డాబా మీద చెవులు పట్టుకుని దిగుతూ లేస్తూ ఉన్న ఎముకల గూడు కుర్రాడు గుర్తొస్తాడు. ఒళ్ళు శత్రువు కాదురా, జన్మంతా నీ వెంట నడిచేది అదొక్కటే అని వాడికి ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది. చెప్పినా వినేవాడు కాదు లెండి. వెధవకి ఎస్సై కావాలి.